‘1938లో ఆగిపోయి ఉంటే...’ అనే బావకు ఏం చెప్పాలి?

ప్రశ్న: సార్, మాది దేవరకొండ దగ్గర పల్లె. నల్లగొండలో రూం తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నాను. మొన్న పండక్కి ఇంటికి పోతే మా బావ (అక్క వాళ్లాయన) నా నోట్స్ తిరగేసి చర్చ పెట్టాడు. “హిట్లర్ చేసిన తప్పు ఒక్కటే, పోలండ్ జోలికి పోవడం. 1938 దాకా తూటా పేలకుండా ఆస్ట్రియాను కలుపుకున్నాడు, చెకోస్లొవేకియాలో కావలసిన ముక్క తీసుకున్నాడు, ఇంగ్లండ్ ప్రధాని ఆయన గుమ్మంలోకి నడిచొచ్చాడు. అక్కడ ఆగిపోయి ఉంటే ఇవాళ ఊరూరా విగ్రహాలుండేవి” అన్నాడు. మరి యూదుల సంగతేంటంటే, “అది వేరే సబ్జెక్టు, నేను విదేశాంగ విధానం గురించి మాట్లాడుతున్నా” అన్నాడు. నా నోట్స్‌లో యుద్ధానికి కారణాలు అని తొమ్మిది పాయింట్లున్నాయి. ఒక్కటీ అక్కరకు రాలేదు. అందరి ముందు నోరు మూసుకున్నా. ఇంకోటి. మా నాయనమ్మ మధ్యలో కల్పించుకుని “ఆ లడాయప్పుడే గదా మా గరిసె ఊడ్చి లెవీకి పట్టుకపోయింది” అంది. జర్మనీ వాడి లడాయికి, మా ఊరి గరిసెకు సంబంధం ఏంటి సార్?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

సమాధానం:

బిడ్డా, నోరు మూసుకున్నందుకు బాధపడకు. మీ బావ అడిగింది అల్లాటప్పా ప్రశ్న కాదు. హిట్లర్ జీవితచరిత్ర రాసిన పేరున్న జర్మన్ చరిత్రకారుడు ఒకాయన దాదాపు ఇదే మాట రాశాడు. 1938 చివర్లో ఎవరి చేతిలోనైనా హత్యకు గురై ఉంటే, ఆయన్ని జర్మనీ గొప్ప రాజనీతిజ్ఞుల్లో ఒకడని అనడానికి వెనకాడేవాళ్లు తక్కువమందే ఉండేవారని. కాకపోతే ఆయన రాసింది ‘చచ్చిపోయి ఉంటే’ అని. మీ బావ అంటున్నది ‘ఆగిపోయి ఉంటే’ అని. చావు ఎవరికైనా వస్తుంది. ఆగడం ఆయన చేతిలో ఉందా అన్నదే అసలు ప్రశ్న.

నేను నల్లగొండలో ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పాను. ఈ సంగతి మాత్రం నాకు క్లాసులో కాదు, మా వీధిలో అర్థమైంది.

మా వీధి చివర ఒకాయన చిట్టీలు నడిపేవాడు. మొదట పదివేల చిట్టీ, తర్వాత లక్షది, తర్వాత ఐదు లక్షలది. పాట పాడినవాళ్లకు చెప్పిన రోజుకు డబ్బు చేతిలో పెట్టేవాడు. బ్యాంకులో లోను కోసం పదిసార్లు తిరిగే మాలాంటి వాళ్లకు ఆయన దేవుడే. కూతురి పెళ్లికి వీధి ఈ మొదలు నుంచి ఆ మొదలు దాకా లైట్లు కట్టించాడు. ఆడవాళ్లకు తాంబూలంలో వెండి కుంకుమ భరిణె. మా ఇంట్లోనూ ఒకటుంది, మా ఆవిడ దాన్ని ఇప్పటికీ తిట్టుకుంటూనే వాడుతుంది. ఆ పెళ్లయిన పధ్నాలుగో నెలలో రాత్రికి రాత్రి ఇంటికి తాళం పడింది. ఆ తర్వాత ఐపీ పెట్టాడని తెలిసింది. మా ఆవిడ కూడబెట్టిన యాభై వేలూ అందులోనే పోయాయి. అప్పుడు వీధిలో అందరి నోటా ఒకటే మాట: “పెళ్లి చేసి అక్కడికి ఆపేసుంటే మారాజులా బతికేవాడు.” ఆయన దగ్గర లెక్కలు రాసిన కుర్రాడు మాత్రం నవ్వాడు. “ఆపేదెట్ల సార్? పాత చిట్టీ వాళ్లకు కట్టేది కొత్త చిట్టీ పైసలే. కొత్తది పెట్టని నెల ఆయన పని ఖతం” అన్నాడు.

మీ బావ చూస్తున్నది ఆ పెళ్లి లైట్లు. ఆ కుర్రాడి లెక్కల పుస్తకం ఎట్లుంటుందో చెప్తాను.

హిట్లర్ ఛాన్సలర్ అయింది 1933 జనవరి 30న. వారం తిరక్కముందే, ఫిబ్రవరి 3న, పెద్ద సైన్యాధికారులతో భోజనానికి కూర్చుని తూర్పున కొత్త భూమి గెలుచుకోవడం గురించి మాట్లాడాడు. అక్కడున్న అధికారులు రాసుకున్న నోట్స్ మిగిలే ఉన్నాయి. అంటే తూర్పు భూముల ఆలోచన పోలండ్‌తో గొడవ ముదిరాక పుట్టింది కాదు. భూమికి సైన్యం కావాలి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత కుదిరిన వెర్సై సంధి ప్రకారం జర్మనీకి లక్ష మందిని మించి సైన్యం ఉండకూడదు. దాన్ని పది రెట్లు చేయాలంటే డబ్బు కావాలి. పన్నులు పెంచితే జనం గొణుగుతారు, బాహాటంగా అప్పు తెస్తే బయటి దేశాలకు గుట్టు తెలుస్తుంది.

కేంద్ర బ్యాంకు అధిపతి యాల్మార్ షాఖ్ట్ ఒక ఉపాయం కనిపెట్టాడు. పది లక్షల మార్కుల మూలధనంతో ఒక ఉత్తుత్తి కంపెనీ పెట్టారు. ఫిరంగులు, ట్యాంకులు చేసిన ఫ్యాక్టరీలకు ప్రభుత్వం నేరుగా డబ్బు ఇవ్వదు. ఆ కంపెనీ పేరున ఒక కాగితం ఇస్తుంది, మన షావుకార్లు రాసుకునే హుండీ కాగితం లాంటిదే. వాటికి ‘మెఫో’ కాగితాలని పేరు. నెలల గడువుతో రాసి, గడువు తీరగానే తిరగరాసుకుంటూ ఐదేళ్ల దాకా నడిపించవచ్చు. 1938కల్లా ఆ కాగితాల విలువ 1,200 కోట్ల మార్కులయింది. మొదటి కాగితాలు 1934 నాటివి. ఐదేళ్లు కలుపుకో, ఏ సంవత్సరం వస్తుందో చూడు.

అప్పు ఒక వైపు. సరుకు ఇంకో వైపు. ఇనుప ఖనిజం, రబ్బరు, చమురు బయటి నుంచి తెచ్చుకోవాలి. తెచ్చుకోవడానికి విదేశీ మారకం లేదు. బట్టలో, యంత్రాలో అమ్మి సంపాదిద్దామంటే ఫ్యాక్టరీలన్నీ ఆయుధాల పనిలో ఉన్నాయి. 1936 ఆగస్టులో హిట్లర్ స్వయంగా ఒక పత్రం రాసిచ్చాడు. నాలుగేళ్లలో సైన్యం యుద్ధానికి సిద్ధం కావాలి, నాలుగేళ్లలో ఆర్థిక వ్యవస్థ యుద్ధాన్ని మోయగలగాలి అని. మీ బావ చెప్పే ‘తూటా పేలని’ విజయాలన్నీ ఈ పత్రం రాసిన తర్వాతి సంగతి.

ఇప్పుడు ఆస్ట్రియా చూడు. 1938 మార్చి 12న జర్మన్ సైన్యం లోపలికి పోయింది. జనం పూలు చల్లింది నిజమే. ఏప్రిల్‌లో ఓటు పెడితే 99 శాతానికి పైగా ‘అవును’ అన్నారు. ఆ ఓటు ఎట్లాంటిదో ఆ అంకెను చూస్తేనే తెలుస్తుంది. ఆ పూల చాటున వియన్నా కేంద్ర బ్యాంకులోని బంగారం, విదేశీ మారకం బెర్లిన్‌కు తరలిపోయాయి. అడుగంటిన ఖజానాకు కొన్ని నెలలు ఊపిరి వచ్చింది. వియన్నా యూదుల దుకాణాలు, ఇళ్లు లాక్కున్నారు. అదే ఏడాది నవంబరు 9 రాత్రి జర్మనీ అంతటా యూదుల ప్రార్థనా మందిరాలు తగలబెట్టి, దుకాణాలు పగలగొట్టి, తిరిగి యూదుల మీదనే 100 కోట్ల మార్కుల జుర్మానా వేశారు. ఆ జుర్మానా పోయింది ఖాళీ అవుతున్న ప్రభుత్వ ఖజానాకే. మీ బావ ‘అది వేరే సబ్జెక్టు’ అన్నాడు చూడు, అక్కడ ఆయన్ని ఆపు. పుస్తకం ఒకటే, పేజీలు వేరు.

1939 జనవరి 7న షాఖ్ట్, కేంద్ర బ్యాంకు డైరెక్టర్లు కలిసి హిట్లర్‌కు ఒక లేఖ రాశారు. ఖర్చు ఇట్లాగే సాగితే డబ్బు విలువ కూలిపోతుంది, ఆపండి అని. ఉపాయం చెప్పినవాడే ఇక చాలు అన్నాడన్నమాట. మూడో వారానికల్లా షాఖ్ట్ పదవి ఊడింది. మార్చి 15న సైన్యం చెకోస్లొవేకియా రాజధాని ప్రాగ్‌లో ఉంది. చెక్ బంగారం, చెక్ సైన్యం ఆయుధాలు, స్కోడా ఆయుధ ఫ్యాక్టరీలు చేతికొచ్చాయి. మరుసటి ఏడు ఫ్రాన్స్ మీదికి పోయిన జర్మన్ ట్యాంకుల్లో చెక్ ఫ్యాక్టరీలో తయారైనవి వందల్లో ఉన్నాయి. పాత చిట్టీకి కొత్త చిట్టీ పైసలు.

అయితే ఒక్క అప్పు వల్లనే యుద్ధం వచ్చిందని రాస్తే అదీ తప్పే. ఆయన నమ్మకాలు లేకపోతే ఆ అప్పే లేదు. కానీ 1939 ఆగస్టు 22న సేనాపతులను కొండ మీది ఇంటికి పిలిచి మాట్లాడినప్పుడు, మన ఆర్థిక పరిస్థితి ఇంకొన్నేళ్లే తట్టుకుంటుంది, కావాలంటే గోరింగ్‌ను (ఆర్థిక వ్యవహారాలు చూసే తన అనుచరుణ్ణి) అడగండి అన్నాడని అక్కడి నోట్స్‌లో ఉంది. ఆగడం కుదరదని ఆయనకూ తెలుసు.

మీ బావ ఇక్కడ రెండో మాట అంటాడు, నాకు తెలుసు. “వెర్సైలో జర్మనీకి అన్యాయం జరిగింది కదా, న్యాయంగా రావలసిందే కదా అడిగాడు?” అని. జరిగింది. యుద్ధ బాధ్యత మోపారు, 13,200 కోట్ల బంగారు మార్కుల పరిహారం లెక్క కట్టారు, భూమి తీసుకున్నారు. ఆ బాధ నిజం కాకపోతే అంతమంది ఆయన వెంట పోయేవాళ్లు కాదు. కానీ ఆ అన్యాయాన్ని మాటలతో తగ్గించుకుంటూ వచ్చింది ఆయన కంటే ముందున్న వాళ్లు. విదేశాంగ మంత్రి స్ట్రేసెమాన్ 1925లో పొరుగు దేశాలతో లొకార్నో ఒప్పందం కుదిర్చాడు, 1926లో జర్మనీని నానాజాతి సమితిలో చేర్పించాడు. ఫ్రాన్స్ వైపు సరిహద్దున ఉన్న జర్మన్ ప్రాంతం రైన్‌లాండ్‌లోని విదేశీ సైన్యాలు 1930 జూన్ కల్లా, గడువుకు ఐదేళ్ల ముందే, వెళ్లిపోయాయి. పరిహారం 1932లో లోజాన్ సమావేశంతో దాదాపు రద్దయిపోయింది. హిట్లర్ గద్దె ఎక్కింది ఆ తర్వాతి ఏడు. నీ నోట్స్‌లో ‘వెర్సై సంధి’ మొదటి పాయింటుగా ఉండి ఉంటుంది. లోజాన్ పేరు ఉందా? చూసుకో.

మన దగ్గర గెట్టు పంచాయితీలు నువ్వు చూసే ఉంటావు. పక్క పొలం వాడు రెండు చాళ్లు లోపలికి దున్నాడనుకో. హద్దురాయి ఎక్కడ పాతాలో చెప్పు అంటే చెప్పేవాడితో ఎట్లాగైనా తెగుతుంది. అటో ఇటో గజం వదులుకుంటాం, సర్వేయర్‌ను పిలుస్తాం. ఏటా ‘ఇదే ఆఖరు’ అంటూ చాలు జరిపేవాడితో ఏం తెగుతుంది? 1938 సెప్టెంబరు 26న బెర్లిన్ సభలో హిట్లర్, చెకోస్లొవేకియాలో జర్మన్లు ఎక్కువగా ఉన్న సుడేటెన్ ప్రాంతమే యూరప్‌లో తన చివరి కోరిక అన్నాడు. ఆర్నెల్లు కూడా నిండలేదు. ప్రాగ్‌లో దిగాడు. అక్కడ ‘మా జర్మన్లను మాలో కలుపుకుంటున్నాం’ అని చెప్పుకోవడానికి కూడా లేదు. అక్కడున్నది చెక్‌లు. అప్పటిదాకా అడ్డం పెట్టుకున్న న్యాయం అనే చీర ఆ రోజుతో జారిపోయింది. మార్చి 31న బ్రిటన్ పోలండ్‌కు హామీ ఇచ్చింది. ఇచ్చింది ఎవరు? అంతకుముందు సెప్టెంబరులో మూడుసార్లు విమానమెక్కి జర్మనీకి పోయిన ఆ ప్రధాని ఛాంబర్లెయినే.

మ్యూనిక్ గురించి ఒక్క దృశ్యం చెప్తాను, ఇది నేను ప్రతి బ్యాచ్‌కూ చెప్పేవాణ్ణి. 1938 సెప్టెంబరు 29న హిట్లర్, ఇటలీ నియంత ముస్సోలినీ, ఛాంబర్లెయిన్, ఫ్రాన్స్ ప్రధాని దలాదియే జర్మనీలోని మ్యూనిక్‌లో ఒక గదిలో కూర్చుని చెకోస్లొవేకియా భూమి పంచుతున్నారు. ఆ దేశం ప్రతినిధులు ఇద్దరు ఊళ్లోనే ఒక హోటల్లో కూర్చున్నారు. వాళ్లను లోపలికి పిలవలేదు. అర్ధరాత్రి దాటాక పిలిచి కాగితం చేతిలో పెట్టారు. ఆ సమయంలో ఛాంబర్లెయిన్ ఆవులింతల మీద ఆవులింతలు తీస్తూ ఉన్నాడని వాళ్లలో ఒకరు తర్వాత రాశారు. ఇంటి యజమాని లేకుండా ఇల్లు పంచిన ఆ రాత్రిని శాంతి అన్నారు. హిట్లర్ మాత్రం దాని నుంచి ఇంకో పాఠం నేర్చుకున్నాడు. ఇందాక చెప్పిన ఆగస్టు 22 సమావేశంలోనే, “మన శత్రువులు చిన్న పురుగులు, వాళ్లను మ్యూనిక్‌లో చూశాను” అన్నాడు. గెలుపు ఆయన్ని శాంతపరచలేదు, ఎదుటివాడిని తక్కువ అంచనా వేయడం నేర్పింది.

ఇక నీ నోట్స్‌లో ఉండని విషయం ఒకటుంది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. ‘వద్దు సార్’ అనే మనిషి ఏమయ్యాడు?

1936 మార్చి 7న, జర్మన్ సైన్యం ఉండకూడదని వెర్సై సంధి చెప్పిన రైన్‌లాండ్‌లోకి సైన్యాన్ని పంపినప్పుడు సేనాపతులకు చెమటలు పట్టాయి. ఫ్రెంచివాళ్లు కదిలితే వెనక్కి రావాలనే ఆజ్ఞలతోనే పోయారు. ఫ్రెంచివాళ్లు కదల్లేదు. దాంతో భయపడ్డవాళ్లు పిరికివాళ్లయ్యారు, ఆయన మహానుభావుడయ్యాడు. 1937 నవంబరు 5న విదేశాంగ మంత్రిని, యుద్ధ మంత్రిని, మూడు దళాల అధిపతులను కూర్చోబెట్టి ఆస్ట్రియా, చెకోస్లొవేకియాలను బలప్రయోగంతో తీసుకోవడం గురించి చెప్పాడు. యుద్ధ మంత్రి బ్లోంబెర్గ్, సైన్యాధిపతి ఫ్రిట్ష్, విదేశాంగ మంత్రి నాయ్‌రాట్ అభ్యంతరాలు చెప్పారు. ఫ్రాన్స్, బ్రిటన్ ఊరుకోకపోవచ్చు అన్నారు. ఫిబ్రవరి మొదటి వారానికి ముగ్గురి కుర్చీలూ ఖాళీ. ఒకరిని పెళ్లి వివాదంతో, ఇంకొకరిని అబద్ధపు నిందతో, మూడో ఆయన్ని ఊరికే. మంత్రివర్గం చివరిసారి సమావేశమైంది 1938 ఫిబ్రవరి 5న. ఆ తర్వాత ఏడేళ్లు ఆ దేశంలో కేబినెట్ మీటింగ్ అన్నదే లేదు. మా కాలనీ సంఘం కూడా నెలకోసారి కూర్చుని నీళ్ల మోటారు గురించి కొట్లాడుకుంటుంది! ఆగస్టులో సైన్యంలో ప్రధాన స్థానంలో ఉన్న జనరల్ బెక్, ఇది పెద్ద యుద్ధానికి దారి తీస్తుందని పత్రం మీద పత్రం రాసి రాసి, ఎవరూ వినక రాజీనామా చేశాడు. నెల తర్వాత మ్యూనిక్. అంటే బెక్ కూడా తప్పన్నట్టే తేలింది.

గమనించు. తూటా పేలకుండా గెలిచిన ప్రతిసారీ బండికున్న ఒక్కో బ్రేకు ఊడుతూ వచ్చింది. మీ బావ లెక్కలో 1938 దాకా వచ్చిన విజయాలు ఒక ఖాతా, 1939 తప్పు ఇంకో ఖాతా. నేను చెప్పేది, ఆ విజయాలే ఆ తప్పును తయారు చేశాయని. పోలండ్ మీద దాడి చేశాక, 1939 సెప్టెంబరు 3 ఉదయం బ్రిటన్ పంపిన హెచ్చరికను దుబాసీ చదివి వినిపిస్తే హిట్లర్ కాసేపు కదలకుండా కూర్చుని, విదేశాంగ మంత్రి రిబ్బెన్‌ట్రాప్ వైపు తిరిగి “ఇప్పుడేంటి?” అన్నాడట. ఆ దుబాసీయే రాశాడు. ఆ గదిలో జవాబు చెప్పగల మనుషులు అప్పటికే ఇళ్లలో కూర్చున్నారు.

నియంత అయితే చాలు యుద్ధం ఖాయం అని మాత్రం పరీక్షలో రాయకు. స్పెయిన్‌లో ఫ్రాంకో నియంతే, జాతీయవాదే. 1940 అక్టోబరులో హిట్లర్ స్వయంగా సరిహద్దు దాకా వచ్చి అడిగినా యుద్ధంలో దిగలేదు. అంతర్యుద్ధం ముగిసి ఏడాదిన్నరే, దేశం ఆకలితో ఉంది, అతని కుర్చీకి కొత్త భూమి అవసరం లేదు. కుర్చీకి కొత్త గెలుపు అవసరమయ్యే చోటే ప్రమాదం. అర్జెంటీనా చూడు. 1982 మార్చి 30న బ్యూనస్ ఎయిర్స్‌లో సైనిక ప్రభుత్వానికి వ్యతిరేకంగా జనం వీధుల్లోకి వస్తే పోలీసులు కొట్టారు. ఏప్రిల్ 2న సైన్యం బ్రిటన్ చేతిలో ఉన్న ఫాక్‌లాండ్ దీవుల్లో దిగింది. మొన్న దెబ్బలు తిన్న మైదానమే జేజేలతో నిండిపోయింది. ఆ జేజేలు విన్నాక ఆ ప్రభుత్వాధినేత జనరల్ గాల్టియెరీ వెనక్కి వచ్చే దారి ఉంటుందా? జూన్ 14న లొంగిపోయేసరికి 649 మంది అర్జెంటీనా వాళ్లు చచ్చిపోయారు. నాలుగు రోజుల్లో ఆయన కుర్చీ కూడా పోయింది.

సరే, బావతో ఏం మాట్లాడాలి. నేనైతే ఈ తేదీలన్నీ ఆయన మీద గుమ్మరించను. ఇంటల్లుడు, అందరి ముందు ఓడిపోవడానికి ఒప్పుకోడు. నువ్వు గెలిచినా అక్కకు తిప్పలు. అన్నం తిన్నాక, ఎవరూ లేనప్పుడు, “బావా, నువ్వే హిట్లర్‌వి, ఈరోజు 1938 అక్టోబరు 1. ఆగుతున్నా అని ప్రకటించు. రేపు పొద్దున ఫ్యాక్టరీ వాళ్లు ఐదేళ్ల కాగితాలు పట్టుకుని వస్తారు, ఏమిస్తావు? ఐదేళ్లుగా యుద్ధానికి తయారుచేసిన సైన్యాన్ని ఇంటికి పంపుతావా? పంపితే ఆ కుర్రాళ్లకు పని ఎక్కడ చూపిస్తావు? ఆయుధాలు ఆపితే ఆగిపోయే ఫ్యాక్టరీలను ఏం చేస్తావు?” అని అడుగు. నిజంగా జవాబు వినాలనే అడుగు. ఆయన తెలివైనవాడిలాగే ఉన్నాడు, తనే లెక్క వేసుకుంటాడు. ఇవాళ్టి నాయకుల పేర్లు మధ్యలోకి తేకు. నీ ఉత్తరంలో నువ్వూ తేలేదు, మంచిదే. అవి వచ్చాయా, ఇక మ్యూనిక్ పోయి టీవీ చర్చ అవుతుంది.

నీ నోట్స్‌లోని తొమ్మిది పాయింట్లు తప్పు కావు. ఒకదానికి ఒకటి ముడి లేదు, అంతే. ఏది దేన్ని తెచ్చిందో బాణం గుర్తులు గీసుకో.

ఇక నాయనమ్మ మాట. ఈ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది అదే.

1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశం కూడా యుద్ధంలో ఉందని ప్రకటించాడు. ఇక్కడి నాయకులను ఒక్కరినీ అడగలేదు. అందుకే కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ అప్పుడు బ్రిటిష్ ఇండియాలో లేవు, నిజాం రాజ్యంలో ఉన్నాయి. నిజాం బ్రిటన్ వైపే నిలబడ్డాడు. మర్నాడు, సెప్టెంబరు 4న, జర్మన్ నౌకల మీద బాంబులు వేయడానికి పోయిన తొలి బ్రిటిష్ విమానాల్లో 110వ దళానివి ఉన్నాయి. ఆ దళం పేరేంటో తెలుసా? ‘హైదరాబాద్ స్క్వాడ్రన్’. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో ఆ దళానికి విమానాలు నిజాం డబ్బుతో కొన్నారు, ఆ పేరు అట్లా నిలిచిపోయింది. నిజాం డబ్బు అంటే ఏం డబ్బు? మన తాతముత్తాతలు కట్టిన శిస్తు. కాబట్టి ఈ యుద్ధం మనకు దూరం అనుకోవడానికి మొదటి రోజు నుంచే లేదు.

గరిసె దాకా వచ్చింది మాత్రం జర్మనీ దారిలో కన్నా జపాన్ దారిలో ఎక్కువ. అక్కడా ఇదే ఆగలేని కథ. 1931లో చైనా ఈశాన్యాన ఉన్న మంచూరియా ఆక్రమణ, 1937లో చైనా మీద యుద్ధం. నాలుగేళ్లయినా చైనా లొంగలేదు, సైన్యం బురదలో బండిలా దిగబడింది. ఆ యుద్ధానికి చమురు కావాలి, ఆ చమురులో ఎక్కువ భాగం అమెరికా నుంచే. 1941లో జపాన్ ఇండోచైనా (ఇవాళ్టి వియత్నాం, ఆ చుట్టుపక్కల) దక్షిణ భాగంలోకి కూడా పోయేసరికి అమెరికా చమురు ఆపేసింది. చైనా నుంచి వెనక్కి వస్తే ఏదో ఒక దారి దొరికేదేమో. అప్పటి యుద్ధ మంత్రి టోజో ససేమిరా అన్నాడు. అన్ని వేల ప్రాణాలు పోశాక వట్టి చేతులతో వస్తామా అన్నది వాళ్ల వాదన. మన పక్క ఐదు బోర్లు ఎండిపోయిన రైతు ఆరో బోరుకు అప్పు తెచ్చేటప్పుడు అనే మాట గుర్తొస్తుంది నాకు. ఆ రైతు ముంచేది తన ఇంటినే. వీళ్లు ఖండాన్ని ముంచారు. డిసెంబరు 7న అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద దాడి, 1942 మార్చిలో బర్మాలోని రంగూన్ ఆక్రమణ, ఏప్రిల్ 6న మన విశాఖ, కాకినాడల మీద బాంబులు.

రంగూన్ పడిపోగానే బర్మా బియ్యం రావడం ఆగింది. ఆ రోజుల్లో దేశానికి లోటు పడ్డ బియ్యం వచ్చేది ఎక్కువగా అక్కడి నుంచే. మరుసటి ఏడు బెంగాల్ కరువులో లక్షల మంది పోయారు. ప్రతి ప్రభుత్వమూ ధాన్యం కోసం రైతు ఇంటి మీద పడింది. నిజాం సర్కారు పద్ధతి పేరు లెవీ. ఎకరాకు ఇంత అని కట్టి, సర్కారు చెప్పిన ధరకు కొలవాలి. కాగితం మీద అందరికీ ఒకటే. అమలులో దొరలు, దేశ్‌ముఖ్‌లు తమ గరిసెలు తప్పించుకున్నారు. పటేల్, పట్వారీలు వాళ్ల మనుషులే కదా. భారం చిన్న రైతు మీద పడింది. తినడానికి ఉంచుకున్నదీ, విత్తనానికి ఉంచుకున్నదీ ఊడ్చుకుపోయారు. 1944లో భువనగిరి ఆంధ్ర మహాసభ దగ్గర నుంచి 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణం దాకా నల్లగొండ జిల్లా ఎట్లా రగిలిందో నీ సిలబస్‌లోనే ఉంటుంది. అక్కడ వెట్టి పక్కనే లెవీ అనే మాట కనబడుతుంది, చూడు. నీ పుస్తకంలో అది తెలంగాణ చరిత్ర పేపర్లో ఉంది, టోజో ప్రపంచ చరిత్ర పేపర్లో ఉన్నాడు. మీ నాయనమ్మకు రెండూ ఒకటే పేపరు.

నువ్వు ఉత్తరంలో గరిసె అన్నావు కానీ అందులో ఏముందో రాయలేదు. మీది మెట్ట, అప్పట్లో ఏ కాల్వా లేదు. వడ్లకన్నా జొన్నలే ఉండి ఉంటాయని నా అనుమానం. ఈసారి ఇంటికి పోయినప్పుడు నాయనమ్మ దగ్గర కూర్చుని అడుగు. వడ్లా, జొన్నలా, ఎన్ని కుంచాలు కొలిచారు, కొలిచిన వాడెవరు, ఆ ఎండాకాలం ఏం తిని గడిపారు. రాసి నాకు పంపు. బావ కూడా పక్కనే కూర్చుంటే ఇంకా మంచిది.